మురికిగా ఉన్నప్పుడు బతికాయి, శుభ్రం చేశాక ఎందుకు చనిపోయాయి? – ఇంట్లోనే ఫోమ్ ఫిల్టర్ తయారుచేద్దాం



గత సంవత్సరం పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినవాళ్ళు సిక్స్త్ క్లాస్ గదిలో కిటికీ పక్కన ఉన్న చేపల తొట్టిని చూసే ఉంటారు. కొందరు పిల్లలతో కలిసి దాని ముందు ఫోటోలు కూడా తీసుకున్నారు. "నీళ్ళు అద్దంలా ఉన్నాయి మేడమ్, ఎలా మెయింటెయిన్ చేస్తున్నారు?" అని ఒక నాన్నగారు అడిగితే నేను చాలా పొంగిపోయాను. ఆ సంతోషం నాలుగు రోజులే నిలిచింది. మీటింగ్ శనివారం జరిగింది. బుధవారానికి తొట్టిలో ఉన్న 8 గప్పీల్లో 6 చనిపోయాయి.

తప్పు నాదే. మీరందరూ వస్తున్నారు, క్లాస్ ముచ్చటగా కనిపించాలని, మీటింగ్ ముందురోజు తొట్టి మొత్తం ఖాళీ చేశాను. గులకరాళ్ళు తోమాను. ఫిల్టర్‌లోని ఫోమ్ గోధుమరంగుకు తిరిగి జిగటగా ఉంటే, కుళాయి కింద పెట్టి పిండి పిండి ఉతికి, ఎండలో ఆరేశాను. నీళ్ళు మాత్రం జాగ్రత్తగా ముందురోజే బకెట్లలో పట్టి ఉంచినవి పోశాను. అన్నీ సరిగ్గానే చేశాననుకున్నాను.

బుధవారం ఉదయం ఒక పాప నా దగ్గరికి వచ్చి, "మేడమ్, తొట్టి మురికిగా ఉన్నప్పుడు చేపలు బతికే ఉన్నాయి కదా, శుభ్రం చేశాక ఎందుకు చనిపోయాయి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "రేపు చెప్తానమ్మా" అన్నాను. అదే వారం నేను ఎయిత్ క్లాస్‌లో నైట్రోజన్ వలయం పాఠం చెప్తున్నాను. బోర్డు మీద బాణాలు గీసి, బొమ్మ బాగా ప్రాక్టీస్ చేయండి, మార్కులు వస్తాయి అని చెప్పాను. ఆ బాణాల్లో రెండు నా ఎదురుగా ఉన్న తొట్టిలో తెగిపోయాయని నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం ఒక అమ్మగారు ఫోన్ చేశారు. "మావాడు అన్నం తినకుండా కూర్చున్నాడు మేడమ్. రేపు పొద్దున్నే అలాంటి చేపలే ఆరు తెచ్చిస్తాను, పిల్లలు రాకముందే వేసేయండి, వాళ్ళకి తెలియదు" అన్నారు. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. నేను కూడా దాదాపు ఒప్పుకున్నాను. రాత్రి కూర్చుని చదువుకుంటే అర్థమైంది: ఆ ఆరు చేపలు వేసి ఉంటే అవి కూడా ఆ వారంలోనే చనిపోయేవి.

ఎందుకో ఈ వ్యాసంలో చెప్తాను. దాంతోపాటు, తర్వాత మా క్లాస్ అంతా కలిసి చేసుకున్న ఫోమ్ ఫిల్టర్‌ను మీరు ఇంట్లో ఎలా చేయవచ్చో కూడా చెప్తాను. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. కాకపోతే చేపలు వేయడానికి నెల రోజుల ఓపిక కావాలి.

నీళ్ళలో ఏం జరుగుతుంది?

మనం తిన్న పప్పు, గుడ్డు, మాంసం లాంటి వాటిలోని ప్రోటీన్లు అరిగాక మిగిలే నైట్రోజన్ వ్యర్థాన్ని మన శరీరం యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. చేపలకు అంత శ్రమ లేదు. అవి ఎక్కువ భాగాన్ని అమోనియా రూపంలోనే మొప్పల ద్వారా నీళ్ళలోకి వదిలేస్తాయి. తినకుండా అడుగున మిగిలిన మేత, కుళ్ళిన మొక్కల ఆకులు కూడా అమోనియాగానే మారతాయి. చెరువులో ఉన్న చేపకు చెరువంత నీళ్ళు ఉంటాయి. తొట్టిలో చేపకు ఉన్నవి 35 లీటర్లు. తాను వదిలిన దాంట్లోనే తాను ఊపిరి తీసుకోవాలి.

అమోనియాకు రంగు లేదు. తొట్టిలో చేపలను చంపేంత ఉన్నా మన ముక్కుకు తెలియకపోవచ్చు. అందుకే నీళ్ళు అద్దంలా ఉంటాయి, చేప మొప్పలు మాత్రం లోపల దెబ్బతింటూ ఉంటాయి. నీటి పీహెచ్ ఎక్కువగా ఉంటే, నీళ్ళు వెచ్చగా ఉంటే ఈ విషం ఇంకా తీవ్రంగా పనిచేస్తుంది. మన ఎండాకాలం సంగతి మీకు తెలిసిందే.

మరి ఇన్నాళ్ళూ చేపలు ఎలా బతికాయి? ఫోమ్‌లో పట్టిన ఆ గోధుమరంగు జిగట వల్ల. నేను మురికి అనుకుని ఉతికేసింది దాన్నే. అందులో రెండు రకాల బ్యాక్టీరియా కాపురం ఉంటాయి. నైట్రోసోమోనాస్ లాంటివి అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. అది చేప రక్తం ఆక్సిజన్‌ను మోసుకుపోకుండా అడ్డుపడుతుంది. నైట్రోస్పిరా, నైట్రోబాక్టర్ లాంటివి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ వల్ల అంత ప్రమాదం లేదు. మొక్కలు ఎరువులా తీసుకుంటాయి, మిగిలింది వారానికోసారి నీళ్ళు మార్చినప్పుడు పోతుంది.

ఈ బ్యాక్టీరియాను 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త విడదీసి చూపించారు. అమోనియా నుంచి నైట్రేట్ దాకా రెండు పనులూ ఒకే బ్యాక్టీరియా చేయలేదని ఆ తర్వాత వందేళ్ళకు పైగా అనుకున్నారు. 2015లో అలా చేయగల నైట్రోస్పిరా బయటపడింది. దాన్ని కనిపెట్టిన బృందాల్లో ఒకటి నెదర్లాండ్స్‌లో చేపల పెంపకపు నీటిని శుభ్రం చేసే ఫిల్టర్ నుంచే దాన్ని తీసింది. చేపల ఫిల్టర్ చిన్న విషయం కాదని మీ పిల్లలకు చెప్పండి.

తేట నీళ్ళు వేరు, మంచి నీళ్ళు వేరు

మా అమ్మమ్మ వాళ్ళు వానాకాలం బురద నీళ్ళు తెచ్చుకున్నప్పుడు, కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసేవారట. మన్ను అడుగుకు దిగి నీళ్ళు తేటపడతాయి. కానీ నీళ్ళలో కరిగి ఉన్నది చిల్లగింజతో పోదు. తొట్టిలో కూడా అంతే. ఫోమ్ రెండు పనులు చేస్తుంది. ఒకటి, జల్లెడలా నలకలను పట్టుకుని నీళ్ళను తేటపరచడం. రెండోది, బ్యాక్టీరియాకు ఇల్లుగా ఉండి నీళ్ళలో కరిగిన విషాన్ని తీసేయడం. మనకు కనిపించేది మొదటి పని. చేపను బతికించేది రెండోది.

ఫోమే ఎందుకు? ఈ లెక్క పిల్లలతో చేయించండి. 10 సెం.మీ. భుజం ఉన్న ఒక ఘనానికి ఉపరితల వైశాల్యం 600 చదరపు సెం.మీ. అదే ఘనాన్ని 1 సెం.మీ. ముక్కలుగా కోస్తే 1000 ముక్కలు వస్తాయి, ఒక్కో దానికి 6 చదరపు సెం.మీ., మొత్తం 6000. పరిమాణం పెరగలేదు, కానీ బ్యాక్టీరియా కూర్చునే చోటు పది రెట్లయింది. ఫోమ్ లోపలి సన్నని రంధ్రాలు చేసే మేలు ఇదే.

కావలసిన వస్తువులు

ముందే ఒక మాట. రెడీమేడ్ స్పాంజ్ ఫిల్టర్ షాపులో దొరుకుతుంది, ధర కూడా పెద్దగా ఉండదు. కాబట్టి ఇది డబ్బు ఆదా కోసం కాదు. లోపల ఏముందో తన చేత్తో పెట్టిన పిల్లవాడు దాన్ని ఎప్పటికీ మర్చిపోడు, అందుకోసం.

తొట్టి 45 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు అనుకుందాం. 26 సెం.మీ. లోతు నీళ్ళు పోస్తే దాదాపు 35 లీటర్లు. నీళ్ళ బరువే 35 కిలోలు, కాబట్టి గట్టి బల్ల మీద పెట్టండి.

• అక్వేరియం షాపుల్లో అమ్మే గరుకు ఫోమ్: 8 సెం.మీ. ఎత్తు, 8 సెం.మీ. వెడల్పు ఉన్న ముక్క
• అర అంగుళం పీవీసీ పైపు 22 సెం.మీ. ప్రాంతం, దానికి సరిపడే ఒక ఎల్బో, ఒక ఎండ్ క్యాప్
• చిన్న ఎయిర్ పంప్, 2 మీటర్ల గాలి ట్యూబ్
• నీళ్ళు వెనక్కి రాకుండా ట్యూబ్ మధ్యలో బిగించే చెక్ వాల్వ్
• అడుగున బరువు కోసం టైల్ ముక్క లేదా శుభ్రంగా కడిగిన గ్రానైట్ ముక్క
• రెండు నైలాన్ టై‌లు, గరుకు కాగితం

ఫోమ్ ఎంపికలో మోసపోకండి. నోటికి దగ్గరగా పెట్టుకుని ఊదితే గాలి అవతలి వైపుకి సులువుగా రావాలి. టీవీ డబ్బాల్లో వచ్చే తెల్ల ప్యాకింగ్ ఫోమ్‌లోకి నీళ్ళే పోవు. పాత పరుపు, సోఫా ఫోమ్‌లో ఏ రసాయనాలు కలిపారో మనకు తెలియదు. గిన్నెలు తోమే స్పాంజ్‌లలో కొన్నింటికి బ్యాక్టీరియాను చంపే మందు పట్టించి ఉంటుంది. మనకు కావలసింది ఆ బ్యాక్టీరియానే. కట్టడానికి రాగి తీగ వాడొద్దు, రాగి నీటి జీవులకు హాని చేస్తుంది. రబ్బర్ బ్యాండ్ నీళ్ళలో కొన్నాళ్ళకే తెగిపోతుంది.

తయారుచేసే విధానం

1. పైపు కింది భాగంలో 7 సెం.మీ. దాకా గుర్తు పెట్టండి. ఆ భాగంలో నాలుగు వైపులా 4 మి.మీ. రంధ్రాలు చేయాలి. వరుసకు నాలుగైదు చాలు. డ్రిల్ పని పెద్దవాళ్ళదే. ఎక్కడెక్కడ చేయాలో స్కేలు పెట్టి గుర్తించే పని పిల్లలది.

2. రంధ్రాల అంచులను గరుకు కాగితంతో రుద్దండి. పైపు కింది చివర ఎండ్ క్యాప్ బిగించండి. అది మూసి ఉంటేనే నీళ్ళు తప్పనిసరిగా ఫోమ్ గుండా వస్తాయి. గమ్ అవసరం లేదు, గట్టిగా నొక్కితే చాలు.

3. ఫోమ్ మధ్యలో నిలువుగా రంధ్రం చేయాలి. పొడి ఫోమ్ కత్తెరకు లొంగదు. తడిపి, ఫ్రీజర్‌లో గంటసేపు పెడితే గట్టిపడి నీట్‌గా కోయడానికి వస్తుంది. రంధ్రం పైపు కంటే కాస్త చిన్నదిగా ఉండాలి, అప్పుడే బిగుతుగా పడుతుంది. పైపు రంధ్రాలన్నీ ఫోమ్ లోపలే ఉండాలి. ఒక్కటి బయట ఉన్నా నీళ్ళు అడ్డదారి వెతుక్కుంటాయి.

4. ఎల్బో వంపు మీద గాలి ట్యూబ్ పట్టేంత రంధ్రం చేసి, ట్యూబ్‌ను దాంట్లోంచి పైపు లోపలికి, అడుగుకు 3 సెం.మీ. దూరం దాకా దించండి. తర్వాత ఎల్బోను పైపుకు తొడగండి.

5. పైపు అడుగును టైల్ ముక్కకు నైలాన్ టైలతో కట్టండి. ఇప్పుడు మొత్తాన్ని తొట్టిలో ముంచి, నీళ్ళ కిందే ఫోమ్‌ను నాలుగైదుసార్లు పిండండి. లోపలి గాలి పోకపోతే ఫిల్టర్ పైకి తేలుతుంది.

6. ఎల్బో నోరు నీటి మట్టం దగ్గర ఉండేలా చూసుకోండి. పైపు పొడవైతే కొంచెం కోయండి. ట్యూబ్ మధ్యలో చెక్ వాల్వ్ బిగించి, రెండో చివరను ఎయిర్ పంప్‌కు తగిలించండి.

స్విచ్ వేయగానే బుడగలు పైపులో పైకి వస్తాయి, వాటితోపాటు నీళ్ళూ వస్తాయి. నీళ్ళను గాలి లాగుతోందని పిల్లలు అంటారు. నిజానికి లాగడం లేదు. పైపులో ఉన్నది బుడగలు కలిసిన నీళ్ళు కాబట్టి తేలిక. బయట ఉన్న మామూలు నీళ్ళు బరువు. ఆ బరువు ఫోమ్ గుండా లోపలికి నెట్టుకొస్తూ తేలిక నీళ్ళను పైకి తోస్తుంది. ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది కాబట్టి చిన్న పిల్ల చేపలను కూడా లోపలికి లాగేయదు.

కరెంటు జాగ్రత్తలు తప్పనిసరి. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపి ప్లగ్ తీయాలి. పంప్‌ను వీలైనంతవరకు నీటి మట్టానికి పైన పెట్టండి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్ళు ట్యూబ్ గుండా వెనక్కి వచ్చి పంప్‌లోకి దిగుతాయి. చెక్ వాల్వ్ పెట్టింది అందుకే. వైరు సాకెట్ కంటే కిందికి ఒకసారి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా ఉంచితే, వైరు మీద జారిన నీటి చుక్క సాకెట్‌లోకి పోకుండా కింద పడిపోతుంది.

తోడు పెట్టడం

ఇక్కడే అందరం తొందరపడతాం. ఫిల్టర్ తిరుగుతోంది, నీళ్ళు తేటగా ఉన్నాయి, సాయంత్రం వెళ్ళి చేపలు తెచ్చేద్దాం అంటారు పిల్లలు. అప్పుడు మీరు వంటింట్లోకి తీసుకెళ్ళి ఒక ప్రశ్న అడగండి: "గిన్నె కొత్తది, పాలు మంచివి. తోడు వేయకుండా పొద్దున్నకి పెరుగు అవుతుందా?"

కొత్త ఫోమ్ తోడు వేయని పాల లాంటిది. అందులో ఇంకా ఎవరూ లేరు. అక్వేరియం ఉన్న బంధువులో పక్కింటివాళ్ళో ఉంటే, ఆరోగ్యంగా ఉన్న వాళ్ళ తొట్టి ఫిల్టర్ ఫోమ్‌ను వాళ్ళ తొట్టి నీళ్ళలోనే పిండి, ఆ గోధుమరంగు నీళ్ళు ఒక గ్లాసు అడిగి తెచ్చుకోండి. మీ ఫోమ్ దగ్గర పోయండి. అదే తోడు. పక్కింటికి గిన్నె పట్టుకెళ్ళి పెరుగు తోడు అడిగినట్టే, మొహమాటం అక్కర్లేదు. ఆరకుండా, గంటా రెండు గంటల్లో తెచ్చి పోయాలి.

పెరుగు ఒక్క రాత్రిలో తోడుకుంటుంది. ఈ బ్యాక్టీరియా చాలా నెమ్మది. ఒకటి రెండు కావడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. తోడు దొరకకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు, దొరికితే ఇంకా ముందే అవుతుంది. ఆ రోజుల్లో చేపలు లేకపోయినా వాటికి తిండి కావాలి కాబట్టి, రోజూ చిటికెడు చేపల మేత నీళ్ళలో వేయండి. అది కుళ్ళి అమోనియా అవుతుంది, బ్యాక్టీరియా దాన్ని తిని పెరుగుతాయి.

అయిందని ఎలా తెలుస్తుంది? అక్వేరియం షాపులో అమోనియా, నైట్రైట్ టెస్ట్ కిట్లు దొరుకుతాయి. రెండు రోజులకోసారి పిల్లల చేత చూపించి పట్టికలో రాయించండి. మొదట అమోనియా పెరుగుతుంది. అది తగ్గుతుండగా నైట్రైట్ పెరుగుతుంది. చివరికి రోజూ మేత వేస్తున్నా రెండూ సున్నా చూపిస్తాయి. అలా వరుసగా వారం రోజులు సున్నా ఉంటే తొట్టి సిద్ధం. పావు వంతు నీళ్ళు మార్చి, ముందు రెండు చేపలు వేయండి. రెండు వారాల తర్వాత మరో రెండు. ఈ సైజు తొట్టికి ఆరు మగ గప్పీలు చాలు. గోల్డ్ ఫిష్ చూడ్డానికి అందంగా ఉన్నా బాగా పెద్దవవుతాయి, వ్యర్థం ఎక్కువ వదులుతాయి, దీంట్లో వద్దు.

ఫోమ్‌ను ఎలా కడగాలి?

బుడగలు తగ్గినప్పుడు, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి కడగాలి. తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళు ఒక బకెట్‌లో పోసి, ఫోమ్‌ను అందులో మూడు నాలుగుసార్లు పిండండి. అంతే. ఫోమ్ తెల్లబడకూడదు. కుళాయి నీళ్ళు, సబ్బు, వేడి నీళ్ళు, ఎండ ఏవీ వద్దు. మునిసిపల్ నీళ్ళలో మన ఆరోగ్యం కోసం క్లోరిన్ కలుపుతారు. దాని పనే బ్యాక్టీరియాను చంపడం.

బకెట్‌లో మిగిలిన ఆ నల్లటి నీళ్ళు పారబోయకుండా తులసి కోటలోనో పూలకుండీలోనో పోయండి. నైట్రేట్ ఉన్న నీళ్ళు మొక్కలకు మంచి బలం.

వారానికోసారి పావు వంతు, అంటే 9 లీటర్ల నీళ్ళు మార్చండి. కొత్త నీళ్ళు వెడల్పాటి బకెట్‌లో 24 గంటలు మూత లేకుండా ఉంచితే మామూలు క్లోరిన్ ఎగిరిపోతుంది. అంత సమయం లేకపోతే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన మోతాదులో వేయండి. ఆర్‌ఓ నీళ్ళు మనకు ఖరీదైనవి కాబట్టి చేపలకూ మంచివనుకోవద్దు. వాటిలో చేపలకు కావలసిన ఖనిజాలు మిగలవు.

పొరపాట్లు జరిగే చోట్లు

కరెంటు ఎక్కువసేపు పోతే: ఫోమ్‌లోని బ్యాక్టీరియాకు కూడా ఆక్సిజన్ కావాలి. చాలా గంటలు ఆగిపోయిన ఫిల్టర్‌ను అలాగే ఆన్ చేయకుండా, తొట్టి నీళ్ళలో ఒకసారి పిండి పెట్టండి.

నీలం మందు: చేపలు కొంటే షాపువాళ్ళు అలవాటుగా ఒక నీలం మందు సీసా చేతిలో పెడతారు. ఎక్కువగా అది మిథిలీన్ బ్లూ. అది ఫిల్టర్ బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. వైద్యం అవసరమైతే ఆ చేపను వేరే తొట్టిలోకి మార్చి చేయండి.

మేత: రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. ఇంటికి వచ్చిన చుట్టాలంతా ప్రేమతో తలా చిటికెడు వేస్తే ఏ ఫిల్టరూ కాపాడలేదు.

చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే: మేత ఆపి, సిద్ధంగా ఉంచిన నీళ్ళతో వెంటనే సగం నీళ్ళు మార్చండి. అమోనియా టెస్ట్ చేయండి.

పెంచలేకపోతే: దయచేసి చెరువులో వదలకండి. అద్దానికి అతుక్కునే సకర్ చేపలను అలా వదిలేయడం వల్లే మన తెలుగు రాష్ట్రాల చెరువులు, రిజర్వాయర్లలో అవి పెరిగిపోయి, చేపలు పట్టుకునేవాళ్ళ వలలు చించుతున్నాయి. షాపులో తిరిగి ఇవ్వండి, లేదా పెంచేవాళ్ళకు ఇవ్వండి.

మీ పిల్లలను అడగండి

• ఎల్బో నోటి దగ్గర కప్పు పట్టుకుంటే 10 సెకన్లలో 200 మి.లీ. నిండింది. గంటకు ఎన్ని లీటర్లు? 35 లీటర్ల తొట్టి గంటకు ఎన్నిసార్లు ఫిల్టర్ అయినట్టు? (72 లీటర్లు, దాదాపు రెండుసార్లు)

• పంప్ మీద 3 వాట్లు అని ఉంది. నెలంతా రాత్రీపగలూ తిరిగితే ఎన్ని యూనిట్ల కరెంటు? (2.16 యూనిట్లు)

• రాత్రి పడుకునేటప్పుడు చప్పుడని ఫిల్టర్ ఆపేయవచ్చా? ఎందుకు?

• రెండు తొట్లలో నీళ్ళు ఒకేలా తేటగా ఉన్నాయి. ఏది చేపకు మంచిదో చూసి చెప్పగలవా? చూడ్డం కాకుండా ఏం చేయాలి?

చివరి రెండింటికి జవాబు మీరు చెప్పకండి. ఒకటి రెండు రోజులు పట్టినా వాళ్ళనే చెప్పనివ్వండి.

చివరగా

ఆ గురువారం నేను క్లాస్‌లో నిలబడి, "చేపలు నా వల్లే చనిపోయాయి, ఎందుకో నిన్న నాకు తెలియదు, ఇప్పుడు తెలుసుకున్నాను" అని చెప్పాను. చెప్పేముందు భయపడ్డాను. పిల్లలు నవ్వుతారనుకున్నాను, ఇంటికెళ్ళి చెప్తే మీరేమనుకుంటారో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ ప్రశ్న అడిగిన పాపే, "అయితే ఇప్పుడు ఆ రెండింటిని ఏం చేద్దాం మేడమ్?" అంది. మిగిలిన రెండు గప్పీలను, ఇంట్లో పాత తొట్టి ఉన్న ఒక విద్యార్థి తీసుకెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు అదే తొట్టి నుంచి తోడు తెచ్చాడు.

తర్వాతి పేరెంట్స్ మీటింగ్ నాటికి మా తొట్టిలో చేపలు లేవు. కొంచెం మసకబారిన నీళ్ళు, బుడగలు, ఒక ఫోమ్, పక్కన గోడకు పిల్లలు రాసిన టెస్ట్ పట్టిక మాత్రమే ఉన్నాయి. "ఇదేంటి, ఖాళీగా ఉంది?" అని అందరూ అడిగారు. నేను ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆ పని పిల్లలు చేశారు. అంతకుముందు ఫోన్ చేసిన అమ్మగారికి వాళ్ళబ్బాయే చేయి పట్టుకుని తీసుకొచ్చి, అమోనియా ఎక్కడ పెరిగిందో, ఎక్కడ తగ్గడం మొదలుపెట్టిందో పట్టిక మీద వేలు పెట్టి చూపించాడు. ఇంకా రెండు వారాలు ఆగాలమ్మా, తొందరపడకూడదు అన్నాడు. నాలుగో వారం దాటాక రెండు చేపలూ తిరిగి వచ్చాయి. ఇప్పుడు ఆరు ఉన్నాయి.

మీ ఇంట్లో ఎప్పుడైనా చేప చనిపోతే, పిల్లలు నిద్రలేచేలోపు అలాంటిదే మరొకటి తెచ్చి వేయాలనిపిస్తుంది. అది ప్రేమే, నాకు తెలుసు. కానీ వాళ్ళను లేపి చూపించండి. కాసేపు ఏడవనివ్వండి. తర్వాత టెస్ట్ కిట్ వాళ్ళ చేతికిచ్చి, ఏమైందో కలిసి చూద్దాం రా అనండి. మీకూ తెలియకపోతే తెలియదని చెప్పండి. నాకు అలా చెప్పడం ఆ బుధవారమే అలవాటైంది.

ఫిల్టర్ చేసినవాళ్ళు ఫోటో కంటే పట్టిక పంపించండి. తప్పులున్నా పర్వాలేదు, కొట్టివేతలున్నా పర్వాలేదు. క్లాస్‌లో గోడకు అంటిస్తాం.

మీ
సైన్స్ టీచర్